బాబాయి కుడికన్ను

అక్టోబరు 2

ఆరుగురు వచ్చారు. జీపు దిగీ దిగకముందే ఒకాయన చేతి గడియారం నొక్కి, స్టార్ట్ అన్నాడు. జీపు ఆగినచోటి నుంచి మా సామాను గదికి నలభై అడుగులు. దానికీ టైం చూశాడు. ఇకనుంచి ఆయన పేరు స్టాప్‌వాచ్.

తర్వాత ఒక వదినా మరదళ్ల జత. ఇద్దరికీ ఒకే టెంట్ చాలన్నారు. పది నిమిషాల్లో ఒకరికి తెలియకుండా ఒకరు నా దగ్గరకొచ్చి, ఇంకో టెంట్ లేదా అని గుసగుసగా అడిగారు. లేదు. ఉన్నా ఇవ్వను.

ఇంకో ఇద్దరు మొగుడూ పెళ్లాలు. ఇంతవరకూ కొండని నేరుగా చూడలేదు, ఫోన్లోనే చూస్తున్నారు. ఆఖరిగా ఒక డాక్టరమ్మ. అరవై దాటింది, ఒంటరిగా వచ్చింది. దిగగానే అడిగిన మొదటి మాట, ముఖం కడుక్కోవడానికి వేడినీళ్లు ఎన్నింటికిస్తారు అని. ఫారంలో డాక్టర్ అని చూసి లోపల్లోపల మురిసిపోయి ఉన్నాను కాబట్టి, ఆరింటికి అన్నాను. గ్రూపులో డాక్టరుంటే గైడ్‌కి సగం బరువు దిగినట్టే.

పోర్టర్లు నలుగురు. మేస్త్రీ ఎప్పటిలాగే బాబాయి. నలుగురి ఫిట్‌నెస్ ఫారాలూ నేనే నింపి సైన్ చేశాను. గుండె బాగుంది. మోకాళ్లు బాగున్నాయి. కళ్లు బాగున్నాయి. బాబాయి ఫారం నింపేటప్పుడు మాత్రం ఆయన వైపు చూడలేదు.

అక్టోబరు 3

ఇంకెంత దూరం అని ఈరోజు ముప్పైఒక్కసారి అడిగారు. తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఈ ప్రశ్నకి గంటల్లో జవాబు చెప్పకూడదని మొదటి ఏడే నేర్చుకున్నాను. ఆ మలుపు దాటాక అంటాను. మలుపు దాటాక ఇంకో మలుపు ఉంటుంది. కొండ అన్నాక ఉండదూ?

సాయంత్రం మరదలికి వాంతులు. డాక్టరమ్మని పిలిచాను. తాపీగా వచ్చి, మరదలి వైపు జాలిగా చూసి, నేను కళ్ల డాక్టర్నమ్మా, ఇది నాకు తెలీదు అంది.

కళ్ల డాక్టరు! ఈ ఎత్తులో ఊపిరి ఆడక చస్తారు, తల పగిలి చస్తారు, విరేచనాలతో చస్తారు. కళ్లతో ఎవరికి పని? రెండుపూటలా వేడినీళ్లు మోయించి మేపుతున్నది కళ్ల డాక్టర్నా.

మాత్ర నేనే ఇచ్చాను. తగ్గింది.

అక్టోబరు 4, మధ్యాహ్నం 2

ఒళ్లు మండిపోతోంది.

డాక్టరమ్మ వంట టెంట్‌లోకి వచ్చింది. వేడినీళ్ల కోసమే అనుకున్నాను. కాదు. మీ పెద్ద పోర్టరుకి కుడికన్ను ఎప్పటినుంచి కనపడటం లేదు అని అడిగింది. అంత మామూలుగా, ఉప్పు ఎక్కడుంది అన్నట్టు.

ఆయనకేం, డేగ కళ్లు అన్నాను.

కుడివైపు ఏదైనా చూడాలంటే తలంతా తిప్పుతున్నాడు, గ్లాసులో టీ నిండిందో లేదో చప్పుడుని బట్టి తెలుసుకుంటున్నాడు, ఎండకి ఎదురుగా నడవాల్సి వస్తే ముందువాడి భుజం పక్కకి జరుగుతున్నాడు అని వరసపెట్టి చెప్పింది. రెండు రోజుల్లో ఇంత చూసింది. నేను గిన్నె మూత తీసి చూశాను. ఆవిడ, సాయంత్రం నీళ్లు ఇంకొంచెం వేడిగా ఉంటే బాగుంటుంది అని వెళ్లిపోయింది.

తెలీక కాదు. మొన్న వేసవిలోనే చూశాను. ఇంట్లో టీ గ్లాసు పక్కన పోశాడు. బల్ల మీంచి నా ఒళ్లోకి కారింది. ఆవిరి అడ్డొచ్చిందే అన్నాడు. ఆవిరేనేమో అనుకున్నాను. అనుకోవడం సులువు. నాన్న పోయాక నన్ను పెంచిందీ, ఆడపిల్లకి గైడ్ లైసెన్సు ఏమిటని అందరూ నవ్వుతుంటే ఆఫీసు చుట్టూ తిరిగి ఇప్పించిందీ ఆయనే. ఆయన కళ్లు బాగాలేవని ఫారంలో నేనెలా రాస్తాను? మేస్త్రీగిరీ పోతే బాబాయి ఇంట్లో కూచుని ఏం చేస్తాడు? పిన్నిని చంపుకు తింటాడు.

అక్టోబరు 5

నడకలో వెనకపడినట్టు నటించి బాబాయిని అడిగాను. కన్ను ఎలా ఉంది అని.

ఏ కన్ను అన్నాడు.

కుడిది అన్నాను. ఎడమది అడగవేం, అదీ అంతే ఉంది అన్నాడు. నేను ఆగిపోయాను. ఆయనకి మాత్రం నవ్వొచ్చింది. ఈ దారి నా కాళ్లకి తెలుసే, కళ్లతో నడిచేవాళ్లు మీ స్టాప్‌వాచ్ లాంటివాళ్లు అన్నాడు. డాక్టరుకి చూపించుకోవచ్చు కదా అంటే, నా కంట్లో ఎవడైనా వేలు పెడితే ఆ వేలు విరుస్తాను అన్నాడు. గ్యాస్ సిలిండరూ స్టవ్వూ నుదుటి పట్టీకి వేలాడదీసుకుని కొండెక్కే మనిషి. కంట్లో చుక్కల మందంటే భయం. ఆ సంగతి పిన్ని ఎప్పుడో చెప్పింది.

అక్టోబరు 6, సాయంత్రం 5

రేపు అంచుదారి.

కొండ నడుముని చెక్కి వేసిన దారి అది. నూటనలభై అడుగులు. ఒక పక్క రాయి, రెండోపక్క ఏమీ లేదు. పట్టుకుని నడవడానికి రాతికి ఇనప తీగ బిగించి ఉంటుంది. వానల్లో రాళ్లు పడి మధ్యలో నలభై అడుగుల మేర తీగ తెగిపోయింది. రెండుసార్లు ఆఫీసుకి రాసి పంపాను. ఇంకా ఎవరూ రాలేదు.

టీ దగ్గర చెప్పాను. రేపు బాబాయి లోడు లేకుండా, నాతో తాడు కట్టుకుని దాటాలి, వంట లోడు మిగతావాళ్లు పంచుకోవాలి అని. నలుగురిలో చెప్పాను. అది నా బుద్ధి తక్కువ.

బాబాయి గ్లాసు కింద పెట్టి, ఎవరితో మాట్లాడుతున్నావు అన్నాడు. నేను గైడ్‌గా మాట్లాడుతున్నాను అన్నాను. గైడ్ గారూ నమస్కారం అని లేచి అవతలికి పోయాడు.

పోర్టర్లలో పొడుగోడు అడ్డం తిరిగాడు. పెద్దాయన లోడు మేం ముట్టం, ముట్టుకుంటే రేపు ఆయన ముఖం ఎలా చూస్తాం అన్నాడు. నాకు రోషమొచ్చి, ఆయనకి కళ్లు కనపడవురా అనేశాను. వాడు నేల చూపులు చూస్తూ, మాకు తెలీదనుకున్నావా అక్కా అన్నాడు. రెండేళ్లుగా ముందు నడిచేవాళ్లం దారిలో రాయి కనపడితే కాలితో పక్కకి తన్నేసి పోతున్నాం అన్నాడు.

రెండేళ్లు! అందరికీ తెలుసు. అందరూ ఆయన్నించి దాస్తున్నారు. ఆయన అందర్నించీ దాస్తున్నాడు. ఇంత పెద్ద కొండ మీద దాగని విషయం ఇదొక్కటే, దాస్తున్నామని అనుకుంటున్నదీ ఇదొక్కటే.

ఈలోగా స్టాప్‌వాచ్ వచ్చి, ఏదో ఇష్యూ ఉన్నట్టుంది, ఓటింగ్ పెడదామా అన్నాడు. కొండని ఫోన్లో చూసే ఆవిడ మా గొడవని వీడియో తీస్తోంది. ఇద్దర్నీ టెంట్‌లోకి తోలాను.

చివరికి వంట లోడు రెండు దఫాలుగా నేనే మోస్తానని చెప్పాను. బాబాయి దూరంగా రాతి మీద కూచుని విన్నాడు. ఒక్క మాట అనలేదు. ఆయన నోరు మూసుకున్నాడంటే భయపడాలని ఇంత వయసొచ్చినా నాకు తెలిసి చావలేదు.

అక్టోబరు 7, ఉదయం 11

 అక్షరాలు కొంకర్లు పోతున్నాయి. అయినా రాస్తాను. లేకపోతే ఎవరినైనా కొడతాను.

ఐదున్నరకి లేచి వంట టెంట్‌లోకి వెళితే స్టవ్ లేదు. సిలిండరు లేదు. గిన్నెలు లేవు. బాబాయి పక్క చుట్టేసి ఉంది, మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. పొడుగోణ్ణి తట్టి లేపి, ఎవర్నీ కదలనివ్వకు అని చెప్పి పరిగెత్తాను.

అంచుదారి తూర్పు ముఖంగా పోతుంది. అందుకే పదింటి దాకా మేము ఎవర్నీ దాటించం. పొద్దున ఎండ సూటిగా కళ్లలో పొడుస్తుంది. నాలాంటి కళ్లున్నవాళ్లకే నీళ్లు కారతాయి. అది నాకు చెప్పింది ఆయనే. చెప్పినవాడే, ఎవరూ చూడకుండా దాటేసి అవతల టీ కాచి కూచుందామని, సూర్యుడు లేచేముందు బయల్దేరాడు. సూర్యుడు ఆయన కోసం ఆగుతాడా?

మలుపు తిరిగేసరికి కనపడ్డాడు. తీగ తెగిన చోట, సరిగ్గా మధ్యలో. వీపు మీద లోడు, నుదుటికి పట్టీ. నిలబడి ఉన్నాడు. ఎండ ముఖం మీద కొడుతోంది. నడవడం లేదు. కూచోవడం లేదు. ఎడమచేయి రాతి మీద ఆనించి, రాయి ఎక్కడుందో తెలుసుకుంటున్నట్టు వేళ్లు మాత్రం కదుపుతున్నాడు.

అరవలేదు. అరిస్తే తిరుగుతాడు. ఆ లోడుతో తిరిగితే అంతే సంగతులు. తీగ ఉన్నంత మేర గబగబా వెళ్లాను. తర్వాత తీగ లేదు. అక్కడినుంచి రాతికి చెంప ఆనించి వెళ్లాను. రెండు అడుగుల దూరంలో ఉండగా, బాబాయ్, నేనే అన్నాను.

తెలుసు, ఏనుగులా వస్తున్నావు అన్నాడు.

గొంతు మామూలుగానే ఉంది. కాళ్లు మాత్రం పిక్కల దగ్గర సన్నగా కొట్టుకుంటున్నాయి. ఎంతసేపైంది అన్నాను. సూర్యుడు వచ్చినప్పటినుంచీ అన్నాడు. అంటే ఇరవై నిమిషాలు. ముందంతా తెల్లగా ఉందే, దారీ తెలుపే, గాలీ తెలుపే అన్నాడు.

లోడు విప్పే చోటు లేదు. నేను ముందుకి వెళ్లే చోటూ లేదు. వెనకనుంచి లోడు తాడు రెండు చేతులా పట్టుకున్నాను. ఎడమకాలు ముందుకి, ఒక అడుగు, ఆపు. కుడికాలు దాని పక్కకి. ఆపు. అలా చెప్తూ పోయాను. నాలుగో అడుగు దగ్గర ఆగి విసుక్కున్నాడు. నీ అడుగు కొలత చెప్తున్నావు, నా కాలు పొడుగు, జానెడు తగ్గించి చెప్పు అన్నాడు. పడితే ఇద్దరం పోతాం, ఈయనకి కొలతలు! సరే, జానెడు తగ్గించి చెప్పాను. మళ్లీ ఆగాడు. అంత గబగబా చెప్పకు, వినపడి కాలికి చేరొద్దూ అన్నాడు.

ఒకచోట రాయి ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. లోడు దానికి తగిలితే బయటికి తోస్తుంది. వంగు అన్నాను. వంగాడు. ఇంకా అన్నాను. ఇంతకంటే వంగితే నేల నాకాలి అన్నాడు. గిన్నె ఒకటి రాతికి రాసుకుని కిర్రుమంది. తాడు నా వేళ్లలో జారింది. మళ్లీ బిగించి పట్టుకున్నాను. తర్వాత ఆయనే, ఊఁ, కుడికాలా అని అడిగాడు. అంత నెమ్మదిగా ఆయన నన్ను ఏదీ అడగ్గా నేను వినలేదు.

కుడికాలు అన్నాను.

అవతల తీగ చేతికి అందాక ఇక నేను చెప్పాల్సిన పని పడలేదు. చకచకా వెళ్లిపోయి, లోడు దించి, పట్టీ తీసి నుదురు రుద్దుకున్నాడు. అప్పుడు తిట్టాను. నాకొచ్చిన తిట్లన్నీ అయిపోయేదాకా తిట్టాను. అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. ఆయన వింటూ కూచుని, చివర్లో, ఒకటి తప్పు పలికావు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనపడదులే అని ఏడ్చాను.

తర్వాత వెనక్కి వెళ్లి పదిన్నరకి గ్రూపుని దాటించాను. స్టాప్‌వాచ్ దాటగానే, మేడమ్, ప్రోగ్రామ్ కంటే నలభై నిమిషాలు లేటు అన్నాడు. పైగా పొద్దున టీ లేదని వదినగారు, ఆవిడ సణుగుతోందని మరదలుగారు. డాక్టరమ్మ మాత్రం వేడినీళ్ల మాట ఎత్తలేదు. పొడుగోడు చెప్పేసి ఉంటాడు.

అక్టోబరు 7, సాయంత్రం 4

డాక్టరమ్మ ఎవర్నీ అడగలేదు. బాబాయి ఎదురుగా రాయి మీద కూచుని, నేను ముట్టుకోను, చూస్తాను అంతే అంది. ఫోన్ లైటు వేసింది. బాబాయి రెండు చేతులతోనూ రాయిని పట్టుకుని కూచున్నాడు.

రెండు కళ్లలోనూ శుక్లాలట. కుడిది పూర్తిగా ముదిరిపోయిందట. ఆపరేషన్‌కి అరగంట కూడా పట్టదట, మర్నాడు ఇంటికి పోవచ్చట. నేను ఇలాంటివి వేలల్లో చేశాను అంది.

అరగంట. అరగంట పని కోసం ముగ్గురు మగాళ్లు రెండేళ్లు రాళ్లు తన్నారు, నేను దొంగ సంతకం పెట్టాను, ఈయన పొద్దున చావు దాకా వెళ్లొచ్చాడు. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు.

బాబాయి లేచి దులుపుకుని, సీజన్ అయ్యాక చూద్దాం అన్నాడు.

అక్టోబరు 8

కనుమ దాటాం. అందరూ ఏడ్చారు, కౌగిలించుకున్నారు. నేను తలలు లెక్కపెట్టుకున్నాను.

అక్టోబరు 10

అవతలివైపు జీపు దారికి దిగి, గ్రూపుని పంపించేశాం. ఆఫీసులో రిపోర్టు రాయాలి. మేనేజరు, ఏమీ జరగలేదుగా, ఖాళీగా వదిలెయ్ అన్నాడు. నిజమే, ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఒకటిన్నర పేజీ రాశాను. ఫారంలో కళ్లు బాగున్నాయని తెలిసీ అబద్ధం రాశానని కూడా రాశాను. మేనేజరు చదివి, నీకేమన్నా పిచ్చా అన్నాడు. ఇది చూశాక నేను ఊరుకోలేను తల్లీ అని, లైసెన్సు సొరుగులో పడేశాడు. వసంతం దాకా. బాబాయి పేరు జాబితాలోంచి కొట్టేశాడు, డాక్టరు సర్టిఫికెట్ తెస్తే చూద్దాం అన్నాడు.

బయటికొచ్చి బాబాయికి చెప్పాను. జీపులో నా పక్కన కూచోలేదు.

అక్టోబరు 19

తొమ్మిది రోజులు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. బాబాయి నాతో మాట్లాడటం లేదు. దానికి అన్నం పెట్టు అని పిన్నికి చెప్తాడు. నేను ఎదురుగానే ఉంటాను. చెప్పులు ఎక్కడున్నాయో దాన్నడుగు అంటాడు. చెప్పులు ఆయన కాళ్ల దగ్గరే ఉంటాయి.

పిన్నిని నిలదీశాను, నీకెప్పటినుంచి తెలుసు అని. కూర తరుగుతూ తలెత్తకుండా, ఆయన చొక్కాలు తడిమితే దొరికేలా వరసగా సర్ది పెట్టడం మొదలుపెట్టి మూడో ఏడు అంది. నువ్వు చెప్పొచ్చు కదా అంటే, నువ్వు చెప్పొచ్చు కదా అంది.

అక్టోబరు 27

డాక్టరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఇది నాలుగోసారి. ఆవిడ ఊరుకునే రకం కాదు. టౌన్ ఆస్పత్రిలో తన స్టూడెంట్ ఉన్నాడట, నవంబరు 6కి రాయించేసింది. పెద్దాయనకి ఫోనివ్వు అంది. స్పీకరు పెట్టాను. మీరు భయపడుతున్నారా అని అడిగింది.

ఈ ప్రశ్న బాబాయిని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనైతే అడగను. ఫోన్ దగ్గరికి వంగాడు. అవునమ్మా అన్నాడు.

అయితే మీ అమ్మాయి చెయ్యి పట్టుకోండి, థియేటర్ తలుపు దాకా రానిస్తారు అంది.

నవంబరు 6, మధ్యాహ్నం

తలుపు దాకా వెళ్లాను. నా వేళ్లు నలిగిపోయాయి. తలుపు దగ్గర స్ట్రెచర్ తోసేవాడితో, ఇది మా అన్న కూతురు, గైడ్ అని చెప్పాడు. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు.

నవంబరు 7

కట్టు విప్పారు. పిన్ని ముందు నిలబడింది, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని మరీ. బాబాయి ఆ చీర ఊసెత్తకుండానే ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆగి, ఈ గోడకి సున్నం కొట్టి ఎన్నేళ్లయిందే అన్నాడు. పిన్ని మొన్ననే కొట్టించాం అంది. అబద్ధం. ఆ అలవాటు ఇంకా పోలేదు.

తర్వాత నన్ను చూసి, ఏమే తిన్నావా అన్నాడు. నేరుగా నన్నే అడిగాడు.

డిసెంబరు 15

ఎడమకన్ను కూడా అయిపోయింది. ఇప్పుడు ఇంట్లో ప్రతి గిన్నె అడుగూ తిరగేసి చూస్తున్నాడు. పిన్ని నా దగ్గరకొచ్చి, ఆ డాక్టరమ్మ నంబరివ్వు, నాలుగు తిట్టాలి అంది.

ఏప్రిల్ 21

లైసెన్సు తిరిగొచ్చాక మొదటి గ్రూపు. బాబాయి పేరు మళ్లీ జాబితాలో ఎక్కింది. వంట లోడు ఎవర్నీ ముట్టనివ్వలేదు.

అంచుదారికి కొత్త తీగ వేశారు. బాబాయి మొదట్లోనే ఆగి కిందికి చూశాడు. రాతిని రెండు చేతులా పట్టుకుని చూశాడు. నా చిన్నతనంలో ఇంత లోతు లేదే అన్నాడు.

లోడు దించాడు. దాటనా, వద్దా అని నన్ను అడిగాడు.

వద్దన్నాను.

సరే అన్నాడు.